పుట్టని కుక్కకి బయానా

ఆలూ లేదు, చూలూ లేదు,
చేతిలో రసీదు మాత్రం ఉంది:
"న్యూఫౌండ్‌లాండ్ జాతి. ఆడది. నలుపు.
బయానా ఐదొందల డాలర్లు.
తిరిగి ఇవ్వబడదు."
కింద డ్రుసిల్లా పెన్నీ సంతకం,
సముద్రపు గాలికి ఒరిగిన కంచెలా.

ఐదొందలంటే నా లెక్కలో
పీతల ఫ్యాక్టరీలో నాలుగు షిఫ్టులు, పైన ఓ పూట.
రబ్బరు తొడుగుల్లో వేళ్ళు నాని ముడతలు పడి,
కాళ్ళు విరిచి, మంచులో సర్ది,
మెడ ఎత్తితే గడియారం, దించితే పీత.
ఆ డబ్బంతా ఉప్పువాసన కొడుతూ వెళ్ళిపోయింది
లోకంలో ఇంకా లేని ఒకదాని కోసం.

మా అన్న గార్లండ్ పడీ పడీ నవ్వాడు:
"చేప పడకముందే పులుసు ఖరీదు కట్టేశావు, బెర్టినా!"

ఆ ఏడు పీతలు తొందరగా అయిపోయాయి.
జులై సగంలోనే గేటుకి తాళం.
ఆగస్టులో గల్ హార్బరు నుంచి ఫోను:
తొమ్మిది పుట్టాయి.
మర్నాడు ఇంకో ఫోను:
ఏడు.

ఐదో వారానికి వెయ్యి, ఎనిమిదో వారానికి ఇంకో వెయ్యి.
కాగితం మీద నేనే సంతకం పెట్టాను,
పెట్టినప్పుడు చేతిలో పని ఉంది.
"ఒక నెల ఆగగలవా?" అనడిగాను.
"గడువంటే గడువే," అంది డ్రుసిల్లా.
వెనక ఏదో కుయ్యిమంది.
"రేపు రా. డబ్బు లేకపోతే వట్టి చేతుల్తోనే రా."

వంటింటి బల్ల మీద, టీ మరకల మధ్య,
నూనె అంటిన నోటుబుక్కు నా వైపు తిప్పింది.
తల్లి తుంటి ఎముకకి ఎక్స్‌రే, గుండెకి పరీక్ష,
ఆ పరీక్షకి పడవ టికెట్లు రెండు, ఒకటి కుక్కకి.
అర్ధరాత్రి ఆపరేషన్. డాక్టరు పేరు పక్కన
పెన్ను కాగితాన్ని చింపేంత గట్టిగా ఒక అంకె.
పాలపొడి. పాలపొడి. మళ్ళీ పాలపొడి.
తను నిద్రపోని రాత్రులకి మాత్రం
ఎక్కడా ఏమీ వేసుకోలేదు.

అట్టడుగున రెండు గీతలు. పక్కన అంకెల్లేవు.
"ఇవేమిటి?"
"పోయినవి."
"వాటి ఖర్చు ఎవరి ఖాతాలో?"
"బతికిన ఏడింటి మీదా పడుతుంది," అంది,
కెటిల్ దించుతూ, నా వైపు చూడకుండా.
"నీ మీదా కొంచెం."

నేను కొంటున్నది ఒక్క కుక్కననుకున్నాను.
రెండు చావుల్లో నాకూ వాటా ఉందని
ఏ షరతులోనూ రాయలేదు.

మా నాన్న పడవ మోటారు అమ్మేశాను.
కొన్నది గార్లండే. సగం ధర.
ఈసారి నవ్వలేదు, బేరం మాత్రం ఆడాడు.

అక్టోబరులో, ఆఖరి వెయ్యి.
బొటనవేలు తడి చేసుకుని రెండుసార్లు లెక్కపెట్టింది,
మూడోసారి లెక్కపెడుతుంటే
నా నల్లపిల్ల వచ్చి ఒక నోటు మూల కొరికింది.
పంటిగాట్ల నోటు చెల్లుతుందా అని
ఇద్దరం కాసేపు నిజంగానే చర్చించుకున్నాం.
తర్వాత రాసింది: "పూర్తిగా చెల్లు."
చిప్పు నంబరు, టీకాల కార్డు, వంశవృక్షం,
అందులో నాకంటే ఎక్కువమంది తాతలు.

గుమ్మం దాకా వచ్చి ఆపింది.
"అట్టపెట్టెకి కాదు గానీ, ఈ చెక్కపెట్టెకి ఇరవై.
పెట్టె తెస్తే తిరిగి ఇవ్వబడును."
అదీ రాసిచ్చింది.
మా లెక్కలన్నిట్లో తిరిగొచ్చే డబ్బు అదొక్కటే.

ఇప్పుడు దానికి పద్నాలుగు నెలలు.
వంటిల్లంతా అదే. తోక ఊపితే గిన్నెలు కింద.
రాత్రి మాత్రం ఆ పెట్టె వెతుక్కుంటూ వెళ్ళి
తల ఒక్కటీ లోపల పెట్టి పడుకుంటుంది,
మిగతా యాభై కిలోలూ నేల మీద వదిలేసి.

డ్రుసిల్లా అప్పుడప్పుడు ఫోను చేస్తుంది:
"నీ ఇరవై నా దగ్గరే ఉంది."
తెలుసు, అంటాను.
ఉండనీ.