ఆదివారంతో ఆఖరు

మొదటి మూడు ఆదివారాలూ ఎవరూ నవ్వలేదు.
తప్పు నాదే. లోకాన్ని అంతం చేసింది నేను,
డలూత్‌లో, మా ఇంటి నేలమాళిగలో,
బాయిలర్ పక్కన, మడత బల్ల మీద.
సుపీరియర్ సరస్సును ఒక్క వాక్యంతో ఎండగట్టాను.
ఇనప ఖనిజం మోసే ఓడలు బురదలో ఒరిగి ఉన్నాయన్నాను.
నీళ్ళు చుక్కల లెక్క, తూటాలు వేళ్ళ లెక్క.
గీసిన పటం మీద పొయ్యిలోంచి తెచ్చి
నిజం బూడిదే చల్లాను.
ఇల్మా ఇప్పటికీ దెప్పుతుంది ఆ తివాచీ గురించి.

చలికాలమంతా మంచు తోసే బండి నడుపుతాను.
తెల్లటి లోకంలో ఎనిమిది గంటలు ఒక్కడివే కూర్చుంటే
ప్రళయం దానంతటదే రాసుకుంటుంది.
కానీ మార్లిస్ ఆస్పత్రి డ్యూటీ దిగి వస్తుంది,
అసలు చావుల దగ్గర్నుంచి నా ఉత్తుత్తి చావుల దగ్గరికి.
మూడో వారం పాచిక వెయ్యకుండా
గుప్పిట్లోనే ఉంచుకుని
"ఇక్కడ కూడానా, ఆర్వో?" అంది.

నాలుగో వారం
వాళ్ళు సరస్సు అడుగున నడుస్తుంటే
పరుపుల తెగ ఎదురైంది.
ఒంటి నిండా స్ప్రింగులు, నెత్తిన దిండు గలీబులు.
పూజారి ఖాళీ టీవీ చట్రంలో తల దూర్చి
మెడ నరాలు ఉబ్బేలా అరిచాడు:
"అంతా పోవాలి! అంతా పోవాల్సిందే!
ఆదివారంతో ఆఖరు!"

కాసేపు బాయిలర్ చప్పుడొక్కటే.
తర్వాత క్లీటస్ కుర్చీతో సహా వెనక్కి పడ్డాడు.
గస్! పరుపుల కొట్టు గస్!
పదకొండేళ్ళు ప్రతి శుక్రవారం రాత్రీ టీవీలో
కొట్టు మూసేస్తున్నానని అరిచి
శనివారం పొద్దున్నే తెరిచిన గస్!

ఆ తెగకి అదే వేదం. గ్యారంటీ కార్డే ధర్మశాస్త్రం:
పదేళ్ళ దాకా గుంట పడదు, మరకకు పూచీ లేదు.
పాపిని వాళ్ళు మరక అంటారు.
బాంబులు ఎవరూ వెయ్యలేదట.
అంతా పోవాలని గస్ అన్నాడు, పోయింది.
స్వర్గం పేరు మెమరీ ఫోమ్:
ఒక్కసారి పడుకున్న ఒంటిని
అది ఎన్నటికీ మరిచిపోదు.

"క్వీన్ సైజు ఉందా?" అని మార్లిస్ బేరం మొదలెట్టింది,
ముక్కులోంచి కాఫీ కారుతుండగా.

నవ్వు నాలుగు విధాల చేటంటారు.
నేను లెక్కపెట్టాను: ఒలికిన కాఫీ, చిరిగిన పటం,
పట్టేసిన క్లీటస్ నడుం.
నాలుగోది కొంచెం ఆలస్యంగా వచ్చింది.

"గస్ ఎవరు?"
టావియా. క్లీటస్ మేనకోడలు. పంతొమ్మిదేళ్ళు.

ముగ్గురం లేచి నిలబడ్డాం చెప్పడానికి.
క్లీటస్ నా పసుపు రెయిన్‌కోటు తొడుక్కున్నాడు.
పసుపు కాదు, ఆవపిండి రంగు, అంది మార్లిస్.
ముందు బేస్‌బాల్ బ్యాటుతో పరుపుని బాదేవాడు, తర్వాత అరిచేవాడు.
కాదు, అరిచాకే బాదేవాడు.
టేపు ఎవరి దగ్గరా లేదు.
కొట్టుండే చోటు ఇప్పుడు పార్కింగు.
ఆ పొద్దున అక్కడి మంచు నేనే తోశాను,
అది ఏ చోటో గుర్తు రాకుండానే.

టావియా నవ్వలేదు. శ్రద్ధగా రాసుకుంది,
పెన్సిలుతో, ప్రశ్నార్థకాలతో సహా:
గస్. పసుపు? బాదాడు? అరిచాడు.

ఐదో వారానికి ఆమె పాత్ర
మా జట్టు వదిలి తెగలో కలిసింది.
దారి తప్పి వచ్చిన వాళ్ళ ముందు
చట్రంలో తల పెట్టి, నెమ్మదిగా, ఒక్క అరుపూ లేకుండా:
"అంతా పోవాలి.
ఆదివారం తప్ప."

క్లీటస్ నావైపు చూశాడు.
మార్లిస్ సరిదిద్దబోయి నోరు తెరిచి,
కాఫీ తాగింది.