కూర్చోబెట్టడం

ఏడూ నలభైకి పెరంబూరులో
మా సందు మలుపు దగ్గర వ్యాన్ హారన్
రెండుసార్లు మోగుతుంది.
జూన్ నుంచీ అది మాకోసం కాదు.
అయినా మా అత్త పెంచలమ్మ
చేతిలో ఇడ్లీ గరిటెతోనే గేటు వైపు రెండడుగులు వేసి,
గుర్తొచ్చి,
నన్నొక చూపు చూసి వెనక్కొస్తుంది.

మామ ఐసీఎఫ్‌లో ముప్పై నాలుగేళ్ళు
రైలు పెట్టెలకు రంగులేసినవాడు.
"పెట్టె తయారవ్వాలంటే ఫ్యాక్టరీకి పోవాల మే,
వంటింట్లో అవతాదా?"
పిల్ల పెట్టె కాదు మామా, అనబోయి
మా పెళ్ళికి ఆయన తన చేత్తో నీలంరంగు వేసిచ్చిన
బీరువా కళ్ళబడి ఊరుకున్నాను.

సూళ్ళూరుపేట నుంచి ఆడబిడ్డ ఫోను:
"ఫీజు కట్టలేక మానిపించారని
అనుకుంటా ఉండారు వదినా, మనోళ్ళు."
అనుకోనీ, అన్నాను.
ఆ రాత్రి మా ఆయన చాలాసేపు
ఫ్యాన్ వైపు చూస్తూ పడుకున్నాడు.

నా దగ్గర ఒక వస్తువుంది.
తరళ యూనిఫాం చొక్కా.
కాలరు కొసలు రెండూ నమిలి నమిలి
పీచు తేలిపోయాయి.
రెండో తరగతంతా ఆ పిల్ల తిన్నది అదే.
లేచి చెప్పమంటే కాలరు.
ఎందుకు చెప్పవంటే కాలరు.
టిఫిన్ డబ్బా మాత్రం నిండుగా ఇంటికొచ్చేది.

ఇప్పుడు వంటింటి గట్టుమీద
సోలలోకి నాలుగు గిద్దలు పోసి
పావంటే ఏమిటో నాకే చెబుతోంది.
బస్టాపులో తమిళ బోర్డులు కూడబలుక్కుని
"ఇరవైతొమ్మిది సి! బెసెంట్ నగర్!" అని అరుస్తుంది.
అరుస్తుంది.
కండక్టరు కూడా తొంగి చూస్తాడు.

శనివారం చింతపండు గింజలు తీస్తూ
అత్త మళ్ళీ అడిగింది:
"బిడ్డనెందుకు కూర్చోబెట్టినావు?"
కూర్చోబెట్టలేదత్తా, ఇంట్లో చదివిస్తున్నాం,
అని నూరోసారి చెప్పి
చొక్కా తెచ్చి ఆమె ఒళ్ళో పెట్టాను.
గెలిచాననే అనుకున్నాను.

కాలరు కొసని బొటనవేలితో తడిమింది అత్త.
చాలాసేపు తడిమింది.
"నన్నూ కూర్చోబెట్టినారు" అంది.
"వెంకటగిరిలో. ఐదో తరగతప్పుడు.
కొత్త చాప, చిమ్మిలుండలు,
పేరంటాళ్ళ పాటలు, పదకొండు దినాలు.
పన్నెండో దినం తలంటు పోసుకోని
పుస్తకాల సంచి అడిగినా.
అది మా తమ్ముడి భుజాన ఉండింది.
నేను ఆ చాప మీద నుంచి లేసేసరికి
ఒకరింట్లో కోడల్ని."

ఇన్నాళ్ళూ నేను కూడబెట్టుకున్న జవాబులు,
పిల్ల మనసు, పిల్ల ఇష్టం, ఒక్కో పిల్లదీ ఒక్కో నడక,
అన్నీ చాటలో గింజల పక్కన పడి ఉన్నాయి.
ఒక్కటీ ఏరుకోలేకపోయాను.
నేను తీశాననుకున్న తలుపు
ఆమె కూర్చున్న చోటినుంచి చూస్తే
మూసినట్టే ఉంటుందని
నాకెవరూ చెప్పలేదు.
చొక్కా మడిచి నా చేతికిచ్చి
ఆమె మళ్ళీ చింతపండు అందుకుంది.

సోమవారం వ్యాన్ వచ్చింది, పోయింది.
అత్త ఈసారి గేటు గడియ దాకా వెళ్ళింది.
తిరిగొచ్చి ప్లాస్టిక్ కుర్చీ ఒకటి లాక్కుని
తరళ పక్కన వేసుక్కూర్చుంది.
"సదివిస్తా ఉండారో, ఆడిపిస్తా ఉండారో
ఒకరు చూడాల గదా" అని
నాకు వినపడేలా గోడతో చెప్పింది.

కాసేపటికి గొంతు తగ్గించి పిల్లనడిగింది:
"ఐదు తరవాత ఏముంటది మే?"

తరళ పెన్సిల్ చెక్కుకుంటూ
తలెత్తకుండానే అంది:
"ఆరు, అవ్వా."

సాయంత్రం మళ్ళీ సూళ్ళూరుపేట.
"ఏం బాగుపడతాదో, అంతా వీళ్ళిష్టం,
మా మాట ఎవరు వింటారు" అంటోంది అత్త,
గొంతేమీ తగ్గించకుండా.

కుర్చీ మాత్రం ఇంకా తరళ బల్ల పక్కనే ఉంది.
ఊడుస్తూ ఊడుస్తూ అక్కడ ఆగాను.
జరపకుండా
దాని కాళ్ళ చుట్టూ ఊడ్చాను.