మూత పడని స్కానరు

మొత్తం ఆరు వేలు.
పదో తరగతి లెక్కల ట్యూషను, ముగ్గురు పిల్లలు, రెండు నెలలు.
ఆటో అందులోనే. తిరిగొచ్చేటప్పుడు మిరపకాయ బజ్జీ అందులోనే.
చేతిసంచిలో నాన్న పుస్తకం.

బ్రాడీపేటలో అడ్రసంటే రెండు అంకెలే కదా,
నాలుగు బై పద్నాలుగు.
మెట్ల కింద కొట్టు. ప్రసన్నాంజనేయులు గారు
ఫ్యానుకి వీపు పెట్టి కూచుని
"ఫోన్లో ఫోటో తీసుకోరాదా అమ్మా,
ఈ రోజుల్లో స్కానరెవరు కొంటారు" అన్నాడు.
తీశానండీ.
నా చెయ్యి నీడ పడింది.
ట్యూబులైటు పడింది.
పెన్సిలు గీత మాత్రం పడలేదు.

అసలు సంగతి ఆ పెన్సిలు.
మా నాన్న నాగులమీరా, మిర్చియార్డులో కాటా గుమస్తా.
టిక్కీ తూకమెయ్యడం, చీటీ రాయడం,
మళ్ళీ టిక్కీ ఎక్కేలోపు
ఇంకో చీటీ వెనక
ఎదురుగా ఉన్న మనిషిని గీయడం.
మోసి మోసి మెడ ఒక పక్కకి వాలిన హమాలీలు,
ముక్కుకి కొంగు కట్టుకుని తొడిమలు తీసే ఆడవాళ్ళు,
ధర వినీ విననట్టు చెవి గోక్కునే ఏజెంటు.
పదకొండు వందల మంది పైనే.
వాళ్ళెవరికీ తెలీదు.
తెలిసిన ఒకాయన, మీసం ఇంకాస్త పెంచమన్నాడట.

ఆ చీటీలన్నీ అమ్మ
గోతాలు కుట్టే దబ్బనంతో, పురికొసతో కుట్టింది.
పుస్తకమని నేనంటాను గానీ, మూట అది.

కుర్రాడు ముందు సన్నటిది తెచ్చాడు.
అప్పడాల కట్టంత. నాలుగు వేల తొమ్మిది వందలు.
వేరే ప్లగ్గు అక్కర్లేదు,
కరెంటు కూడా కంప్యూటరు దగ్గరే తాగుద్ది.
విడి చీటీ ఒకటి పెట్టి చూశాం.
వెంట్రుకలతో సహా వచ్చింది.
మూట బోర్లించాం.
గాజుకి ఆనిన చోటే దానికి చూపు.
కుట్టు దగ్గర కాగితం కాస్త లేచిందో లేదో
హమాలీ సగం మొహం మబ్బులోకి పోయింది.
"డీపీఐ పెంచు బాబూ" అన్నాను, ఎక్కడో విన్న మాట.
పెంచాడు. మబ్బు పెద్దదైంది.

"కుట్టు విప్పేస్తే సరిపోద్ది మేడం."

సరిపోద్ది.
ఆ దబ్బనం దిగిన బొటనవేలు అమ్మది.
పురికొస రెండో చివర పట్టుకున్నది నేను.
వద్దులే.

అప్పుడు ఆయన లేచాడు, మొదటిసారి.
అటక మీంచి దింపిందాన్ని రెండు చేతులా పట్టుకోవాలి.
ఏదో ఆఫీసు ఖాళీ చేస్తుంటే వచ్చిందట.
లాంపు వేడెక్కేలోపు సగం గ్లాసు టీ అయిపోయింది.
లోపల అద్దాలూ కటకమూ ఉంటాయట,
గాజుకి ఎడంగా ఉన్నదీ కొంత ఆనుద్దట.
ఆనింది.
కుట్టు లోయలో హమాలీ చెవి.
చెవి వెనక బీడీ.
ఇన్నేళ్ళుగా తిరగేస్తున్నాను, ఆ బీడీ నేను చూళ్ళేదు.

కొత్త కంప్యూటర్లకి పలకదు,
గ్యారంటీ లేదు, పోతే పోయినట్టే,
దోషాలన్నీ ఆయనే చెప్పి, చివర్లో మూడు వేలన్నాడు.
రెండు వేల నాలుగు వందలకి తెగింది.
మంచం కింద తమ్ముడి పాత కంప్యూటరుంది,
ముసలిదానికి ముసలిదే తోడు.
బజ్జీ రెండు ప్లేట్లు తిన్నాను.

రాత్రి, మూట పెడితే మూత పడలేదు.
చిరిగిన గొడుగు గుడ్డ కప్పాను.
బోర్లించగానే నాన్న రోజుల కారం
గాజు మీద రాలింది.
లాంపు బయల్దేరింది.
సగం దూరంలో ఉండగా తుమ్మాను.
బల్ల కదిలింది.
తెర మీద హమాలీ నడుం దాకా ఒక చోట,
కాళ్ళు కాస్త అవతల.
అడుగేశాడు.

గాజు తుడిచి మళ్ళీ తీస్తే బుద్ధిగా నిలబడ్డాడు.
రెండూ దాచాను.
పేరేం పెట్టాలని అడిగింది కంప్యూటరు.
చీటీ ముందువైపు తిప్పి చూశాను:
నలభై రెండు కిలోల ఆరు వందలు, తరుగు పోను.
అదే కొట్టాను.