తొలగించవలసినవి

ఇసుకతోట నుంచి హనుమంతవాక దాకా
రోడ్డు వెడల్పు అంచనా
టైపు చేసింది నేనే.
కంకర ఇన్ని ఘనపు మీటర్లు,
తారు ఇన్ని టన్నులు,
డివైడరు మీద నాటే ఈతచెట్లకు
నీళ్ల ట్యాంకరు అద్దె విడిగా.
సున్నాలు కొట్టీ కొట్టీ
కుడిచేతి చిటికెనవేలు తిమ్మిరెక్కింది.

ఆఖరి పేజీలో ఓ చిన్న జాబితా,
తొలగించవలసినవి:
కరెంటు స్తంభాలు రెండు,
కానుగచెట్టు ఒకటి,
కిళ్లీబడ్డీ ఒకటి,
బస్సు షెల్టరు ఒకటి.
సూపరింటెండెంటు గారు ఒక కామా దిద్ది
సంతకం పెట్టారు.

మరి బస్సులో?
అది వేరే శాఖ, వేరే బిల్డింగు.
ఆ ఫైలు మా మెట్లెక్కదు.
వెళ్లి అడుగుదామంటే
బస్సెక్కి వెళ్లాలి.

రోడ్డయిపోయింది.
ఒక్కో కారుకీ ఒక్కో మనిషి,
పక్కసీట్లో లంచిబ్యాగు
దర్జాగా కూచుని వెళ్తోంది.

పెదజాలరిపేట ఎల్లారమ్మ మాత్రం
షెల్టరుండిన చోటే నిలబడుతుంది.
అలవాటు ఆమెది కాదు, కాళ్లది.
నెత్తిన గంపలో కవళ్లు,
గోపాలపట్నం చేరేలోపు మెత్తబడకూడని కవళ్లు.
ఐసు కరిగి చెవి పక్కనుంచి కారుతుంది.
ఆమెకదే గడియారం.
చెవి తడిస్తే పావుగంట,
మెడ తడిస్తే అరగంట,
రవిక తడిసిందంటే ఇక ఆ పూట బేరం పోయినట్టే.
మా అంచనాల్లో ఈ కొలతకి గడి లేదు.

"బాబూ, రోడ్డు ఇంత లావైపోనాది,
బస్సేటి బక్కసిక్కి
కనబడకండా పోనాది?"
నేను నవ్వాను.
ఆమె నవ్వలేదు.
షేరాటో వాడు గంప చూసి
గేరు మార్చుకున్నాడు.

ఒకరోజు ఎక్కణ్ణుంచో ఒక రాయి దొర్లించుకొచ్చింది.
పీకేసిన కానుగ మొదట్లోదే అనుకుంటా.
దానిమీద కూచుంది.
నాలుగోరోజో ఐదోరోజో
డ్రైవరు అప్పలసూరి
రాయిని చూశాడో, ఆమెను చూశాడో,
బ్రేకు వేశాడు.
ఆ తర్వాత నర్సింగు పిల్లలు చేరారు,
రాత్రి డ్యూటీ దిగిన వాచ్‌మన్ చేరాడు.
ఇప్పుడు కండక్టరే అరుస్తున్నాడు:
"రాయి! రాయి దగ్గర దిగేవాళ్లు!"

పోయిన వారం పైనుంచి కాగితం.
ఎవరో పెద్దవాళ్లు వస్తున్నారట,
రోడ్డు పక్కన అడ్డంకులన్నీ రాసుకురమ్మని.
టేపు పట్టుకుని వెళ్లాను.
పొడవు అడుగున్నర,
వెడల్పు అడుగుకి కాస్త తక్కువ,
మీద రెండు పొలుసులు ఎండకి మెరుస్తున్నాయి.

ఫ్లెక్సీలు రాశాను.
విరిగిన తోపుడుబండి రాశాను.
రాయి
రాయలేదు.

ఏదో చేసేశాననుకుని
సాయంత్రం దానిమీద కూచున్నాను.
ప్యాంటుకి చేపవాసన అంటింది.
వీధిదీపాలు వరసగా వెలిగాయి,
స్తంభానికి ఎంత పడిందో
నాకు పైసలతో సహా తెలుసు.

బస్సు ఇంకా రాలేదు.