కాటా చీటీ వెనక

నాకు బండి నడపడం రాదు.
లైసెన్సు పరీక్షలో రెండుసార్లు ఎనిమిది వెయ్యలేకపోయాను.
మా నాన్న జమాఖర్చుల పుస్తకంలో ఎనిమిది ఇట్లా ఉండేది: ౮
ఒక పక్క తలుపు తీసే ఉంటుంది,
బయటికి వచ్చెయ్యొచ్చు.
వాళ్ళ ఎనిమిది అట్లా కాదు,
దూరితే ఇక తిరగడమే.

అందుకే షావుకారు ఖుల్నా వెళ్ళి రమ్మన్నప్పుడు
బత్తా సంగతి అడగలేదు.
"ఎట్లా పోవాలండీ?" అన్నాను.

సరుకు ఎప్పుడో పోయింది.
నాలుగొందల ఇరవై టిక్కీలు, తేజా రకం,
ఎర్రగా, బింకంగా, గూడ్సెక్కి దేశం దాటాయి.
తండ్రి పేరేమిటని,
ఎన్నాళ్ళుంటావని, తిరిగొస్తావా అని
వాటినెవరూ అడగలేదు.
అక్కడి వ్యాపారి మొజాఫర్ గారే ఫోను చేశాడు:
"కాయలో తేమ ఉంది, మనిషిని పంపండి."
తేమ ఫోనులో తేలేది కాదు.
కాయని చెవి దగ్గర పెట్టి ఊపాలి,
లోపల గింజ గలగలమనాలి.

బ్రాడీపేటలో మెట్లెక్కి ట్రావెల్సు కుర్రాణ్ణి అడిగాను.
గన్నవరంలో ఎక్కి కలకత్తా, మళ్ళీ ఎక్కి ఢాకా,
అక్కణ్ణించి వెనక్కి ఖుల్నాకి బస్సన్నాడు.
ముక్కేదంటే తల చుట్టూ చెయ్యి తిప్పి చూపినట్టు.
కలకత్తా నుంచి తిన్నగా రైలుందిగా అన్నాను.
ఆగిపోయిందన్నాడు కుర్రాడు.
నడుస్తోందన్నాడు వాళ్ళ బాబాయి.
వాళ్ళిద్దరూ తేల్చుకునేలోపు
నేను రెండు గ్లాసుల చల్లటి నీళ్ళు తాగాను.

ఏసీ బస్సుందట, దుప్పటి ఇస్తారట.
లేదూ, ఫలక్‌నుమాలో హౌరా,
అక్కడ దిగి సియాల్దా, సియాల్దాలో బనగావ్ లోకల్,
బనగావ్‌లో ఆటో,
ఆటో దిగాక…

ఇక్కడ ఆగాడు.
"దిగాక ఏ బండీ ఉండదండీ.
మూడొందల అడుగులు. మీ పెట్టె మీరే మోసుకోవాలి.
గేటు దాటాక వాళ్ళ బళ్ళుంటాయి.
గడియారం అరగంట ముందుకి తిప్పుకోండి."

కొట్టుకొచ్చి కాటా చీటీ వెనక రాసుకున్నాను,
విమానం, బస్సు, రైలు,
ఛార్జీలు, గంటలు, టీలు.
గుమస్తా బుద్ధి, చివర గీత కొట్టి మొత్తం వేశాను.
ఆ అరగంటని ఏ పద్దులో రాయాలో తెలియలేదు.
పోతూ ఇస్తాం, వస్తూ పుచ్చుకుంటాం,
వడ్డీ లేదు, నోటు లేదు, సాక్షి లేడు.

తొడిమలు తీసే సంపూర్ణమ్మకి చదువు రాదు,
నా మొహం మాత్రం చదువుతుంది.
"మూడొందల అడుగులంటే ఎంత గుమస్తా గారూ,
మన గేటు కాణ్ణించి కాటా దాకా ఉంటదా?"
ఉండొచ్చన్నాను.
"ఆ కాస్తకా ఇంత ఆలోచన!
నెత్తిన మూటతో రోజుకి నాలుగు మాట్లు నడుస్తా."
మళ్ళీ తనే, చేతిలో కాయ ఆపి,
"అది నడిచేటప్పుడు మనం ఎవురి ఊళ్ళో ఉన్నట్టు?"

దానికి బ్రాడీపేటలో జవాబు దొరకదు.

ఫలక్‌నుమాకే చెప్పాను, స్లీపరు, పై బెర్తు.
షావుకారు విమానానికే ఇస్తానన్నాడు, వద్దన్నాను.
ఎందుకు వద్దన్నానో సరిగ్గా చెప్పలేను.
దారంతా ఎవరో ఒకరు నడిపే బళ్ళే,
ఆ కాస్త మేర స్టీరింగు ఎవరి చేతిలోనూ ఉండదు.

నిన్న రాత్రి లారీలు పోయాక
శాంపిలు కవర్లు సర్దిన పెట్టె పట్టుకుని
యార్డు గేటు దగ్గర నిలబడ్డాను.
ఒకటి, రెండు, మూడు…
నూట పది దగ్గర తుమ్మొచ్చింది,
లెక్క పోయింది.
వెనక్కెళ్ళి మళ్ళీ మొదలెట్టాను.
రెండొందల డెబ్భైకే కాటా వచ్చేసింది,
మిగతా ముప్ఫై అక్కడే నిలబడి వేశాను.
చేతి గడియారం అరగంట ముందుకి తిప్పాను.

చీకట్లోంచి వాచ్‌మన్ జాన్ సైదా,
"టైమెంతయింది గుమస్తా గారూ?"

పదిన్నర, అన్నాను.
డ్యూటీ మారేవాణ్ణి లేపడానికి
పాపం, పరుగు తీశాడు.