అనుభవం అనే గడి

ఏడు రోడ్ల కాడ, మెట్ల కింద
మనిషి నిటారుగా నిలబడితే తల తగిలే అంగడి నాది.
ఒక కంప్యూటరు, ఒక జిరాక్సు మిషను,
కరెంటు పోతే ఒక విసనకర్ర.
బయోడేటా కొట్టేదానికి ముప్పై రూపాయలు,
తప్పులు దిద్దేదానికి ఏమీ తీసుకోను.

విమానం దిగినోళ్ళు నేరుగా నా దగ్గరికి రారు.
మొదటి నెల చుట్టాలకు సెంటు సీసాలు పంచుతారు.
రెండో నెల అప్పుల లెక్క చూసుకుంటారు.
ఆ తర్వాత ఎప్పుడో, ఎండ కాస్త దిగినాక,
పాస్‌పోర్టు ప్లాస్టిక్ కవర్లో చుట్టుకోని
నా బల్ల ముందర నిలబడతారు,
కడప వీధి కొత్తగా చూస్తున్నట్టు.

మొన్న మహబూబ్ పీరా వచ్చినాడు.
నలభై అంతస్తుల ఎత్తున, క్రేను గదిలో
పన్నెండేండ్లు కూర్చున్న మనిషి.
కింద జనం మినప గింజల మాదిరి కనపడేవాళ్ళంట.
ఎర్రగుంట్లలో సిమెంటు ఫ్యాక్టరీ గేటు కాడ
"సర్టిఫికెట్టు ఏదీ?" అన్నారంట.
చూపించినాడు. అరబ్బీలో ఉంది.
వాళ్ళు దాన్ని తలకిందులుగా పట్టుకోని చూసి
"మల్లా చెప్తాం" అన్నారంట.
ఇప్పుడు నాపరాళ్ళ పాలిష్ మిల్లులో
రోజుకు ఐదు నూర్లకు బండల మీద నీళ్ళు చల్లుతున్నాడు.
మధ్యాన్నం సద్ది విప్పేటప్పుడు మాత్రం
ఎడమ చెయ్యి దానంతటదే
లేని లివరు కోసం గాలిలో వెతుకుతుందంట.
నవ్వుతానే చెప్పినాడు. నేనూ నవ్వినాను.

నా బయోడేటా కూడా ఈ మిషన్లోనే ఉంది.
సాల్మియాలో ఫోన్ల అంగడి, నాలుగేండ్లు.
ఎవరికి కొట్టినా దాని మీదే కొడతాను,
నా పేరు చెరిపి, వాళ్ళ పేరు పెట్టి.

ఈ పొద్దు దస్తగిరమ్మ వచ్చింది,
కమలాపురం పక్కన పల్లె.
ఆడపిల్లల హాస్టల్లో వంటమనిషి పని ఖాళీ ఉందంట,
వార్డెను కాగితం తెమ్మనిందంట.

"చదువు?"
"ఐదు. కాదులే, నాలుగని రాయి. ఐదో తరగతి పరీచ్చకు పోలే."
"వచ్చిన భాషలు?"
"తెలుగు. ఉర్దూ కొంచెం. అరబ్బీ."
"అరబ్బీ చదవను వస్తాదా?"
"రాదు."
"రాయను?"
"రాదు. తిడితే అర్థమయితాది.
పిల్లోళ్ళను జోకొట్టను వస్తాది."
ఆ రెంటికీ నా దగ్గర గడి లేదు.
మాట్లాడటం మాత్రమే అని కొట్టినాను.

"చేసిన పని?"
వేళ్ళు మడవబట్టింది.
నలుగురు పిల్లోళ్ళు. మూడంతస్తుల ఇల్లు.
రంజాన్ రాత్రుల్లో నలభై మందికి మచ్బూస్.
ముసలామెకు పూటపూటా చక్కెర సూది.
ఒక రాత్రి చిన్నోడికి ఫిట్సు వస్తే
పక్కకు తిప్పి, తల ఒళ్ళో పెట్టుకోని
తెల్లారిందాకా కదలలేదంట.
"దానికేమంటారు ఇంగ్లీషులో?"
తెలీదన్నాను.
నాకు తెలిసిన మాట ఒక్కటే, ఎవరికైనా అదే,
హౌస్ మెయిడ్.
తెర మీద ఆ అక్షరాలు చూసి
"ఇంత పొట్టిగానా?" అనింది.

పక్క అంగడి గోడకు కొత్త పోస్టరు తగిలించినారు.
కువైట్, ఖతార్, ఇంటిపని, వెంటనే ప్రయాణం.
అక్కడ చదువు అడగరు. వయసు సర్దుతారు.
వాళ్ళ కాగితాలు జిరాక్సు తీసేదీ నేనే.
ఆమె అటు చూసింది.
చూసింది చూడనట్టు నేను ప్రింటరు సర్దుకున్నాను.

కాగితం వెచ్చగా బయటికొచ్చింది.
ఇంగ్లీషు రాదామెకు, అంకెలు వస్తాయి.
పెండ్లిపత్రికలో తన పేరు ఎతుక్కున్నట్టు
వేలు పైనుంచి కిందికి జరిగి
ఒక చోట ఆగింది.
"పద్నాలుగేండ్లు కాదు నాయనా.
పద్నాలుగేండ్ల మూడు నెలలు."
కడాపటి మూడు నెలలకు జీతమియ్యలేదంట,
టికెట్టుకు చెల్లు వేసుకున్నారంట.
"ఇయ్యకపోతే ఏమి, చేసినా గదా. రాయి."

తప్పులు దిద్దేదానికి నేనేమీ తీసుకోను.
రాసినాను.