యాభై సైకిళ్లు

ట్రంపెట్ మూతికి రంధ్రం పెట్టింది నేనే.
ముందే చెప్తున్న,
తర్వాత ఎవరూ ఎవర్నీ తిట్టుకోకుండ.

మోండా మార్కెట్ వెనక నాలుగడుగుల దుకాణం.
రేడియోలు, ఫ్యాన్లు, ఒకసారి మిలిటరోళ్ల సైరన్.
బొల్లారం బ్యాండు ఇడిసిపెట్టిన ఇమ్మానుయేలు
ఇత్తడి గొట్టాన్ని పేపర్ల చుట్టి తెచ్చిండు,
సారా సీస తెచ్చినట్టు, ఇటూ అటూ చూసుకుంట.
బొటనేలి గోరు ఆనిచ్చి, "ఇక్కడ" అన్నడు.
"ఇక్కడ్నించి కరెంటు ఎక్కాలె."

సన్న బిట్టు పెట్టి తిప్పిన.
ఇత్తడి పొట్టు చుట్టలు చుట్టలుగ నా ఒడిల రాలింది.
పుట్టెంటికలు తీయించుకునే పిల్లగాని తీరు
ఆయన కండ్లు గట్టిగ మూసుకున్నడు.

సిరిల్ గ్యాస్కెల్ నాతోని నెలరోజులు మాట్లాడలే.
పగలు లాలాగూడ వర్క్‌షాపుల బాయిలర్ ఫిట్టరు,
శనివారం రాత్రి ఇన్‌స్టిట్యూట్ హాలుల
తనకన్న పొడుగున్న బేసును
పక్కటెముకలకు ఆనించుకొని నిలబడేటోడు.
"కట్టెకు ఊపిరుంటది, వైరుకు బిల్లుంటది."
ఈ ఒక్క మాట ఎన్నిసార్లన్నడో.

"మీ తాతలు పేగుతీగె తీసేసి ఉక్కుతీగె కట్టలేదా?
ఆనాడు ఏ దేవుడు చచ్చిండు?" ఇమ్మానుయేలు అడిగిండు.
"ఉక్కుతీగె ఎవ్వని నోరు మూయలే."
"నేను మూస్తున్ననా?"
"నువ్వు కాదు. నీ డబ్బా."
డబ్బా అంటే నేను చేసిన ఆంప్లిఫైయరు,
ట్రాన్స్‌ఫార్మరే పద్నాలుగు కిలోలు,
నా మొదటి బిడ్డ కన్న ముందు పుట్టింది.
డ్రమ్ముల హబీబ్ పాషా మాత్రం
"పైసలు ఎవరిస్తరో అది తేల్చుండ్రి" అని బీడీ ముట్టించిండు.

డెబ్బై నాలుగుల ఒక రాత్రి
పాట నడుమ కరెంటు పోయింది.
సిరిల్ లెక్క:
చీకట్ల బేసు ఒక్కటే నడిచింది, హాలంత ఊపిరి బిగబట్టింది.
ఇమ్మానుయేలు లెక్క:
ఆయన కూడ ఊదుతనే ఉన్నడు,
కాకుంటే వెనక కుర్చీల దాక పోలే.
నేను ఫ్యూజు కాడ వంగి ఉన్న.
నాకు వినపడ్డది ఒక ఆడమనిషి
"నా చెప్పేదీ, ఒకటే దొరికింది" అని ఎతుక్కునుడు.

తర్వాత ఒక్క కీబోర్డు పోరడొచ్చి
బ్యాండుకు బ్యాండునే మింగిండు,
ట్రంపెట్‌తో సహా.
"చెప్పిన్నా లేదా" అని సిరిల్ కబురు పంపిండు.
ఇమ్మానుయేలు జవాబు కూడ నేనే మోసిన:
"నాకు పని లేదు. సంగీతం చచ్చిపోలేదు.
రెండూ ఒకటి గావు, చెప్పు ఆయనకు."

మొన్న సిరిల్ దుకాణానికొచ్చిండు, ఎనభై నాలుగేండ్లు,
అరచేతిల చెవి మిషను, చింతగింజంత.
మూత తీసి చూసిన: ఒక మైకు, ఒక ఆంప్లిఫైయరు.
"సాబ్, ఇప్పుడు నువ్వు కూడ" అని నవ్విన.
"ఇది వైద్యం. మీరు చేసింది ఆశ" అన్నడు,
నవ్వలే.

మిషను చెవిల పెట్టుకొని
తల పక్కకు వంచి చాలాసేపు కూసున్నడు.
నా బెంచి కింద పాత డబ్బా ఆన్‌ల ఉంది,
ఎవరో షోకుకు బాగు చేయమన్నరు.
"గుయ్యిమంటుంది" అన్నడు. "యాభై సైకిళ్లు.
జి స్వరం మీద ఒక ఎంట్రికంత పైన."
వేళ్లు గాలిల తీగె నొక్కుతున్నయ్.
"ఆ రాత్రి కరెంటు పోయినంక
నా జి తప్పింది. ఎందుకో ఎవరికీ తెల్వదు.
అప్పటిదాక నేను శ్రుతి కలుపుకున్నది
నీ గుయ్యితోనే."

బ్యాటరీకి నూట ఇరవై ఇచ్చి లేచిండు.
గడప కాడ ఆగి, "ఇమ్మానుయేలుకు చెప్పకు."

ఆదివారం ఆదివారం ఇమ్మానుయేలు ఫోన్ చేస్తడు.
దగ్గు, మోకాలు, వాన, అన్నీ అయినంక
అడుగుతడు: "ఒప్పుకున్నడా?"

బెంచి కింద డబ్బా పని అయిపోయింది,
ఇంకా ఇచ్చేయలే.

"లేదు" అంటున్న. "యాడ ఒప్పుకుంటడు?"
"నాకు ఎరికే" అంటడు అవతల,
గొంతుల ఎంత హుషారో.